ఉన్నిబాబును బోరంచలో ఇచ్చి వచ్చిన సంగతి

నారాయణఖేడు ఎక్కడుందని మా ఆఫీసులో అడిగితే ఒకరు మైసూరు పక్కనన్నారు, ఇంకొకరు అసలలాంటి ఊరే లేదన్నారు. ఉంది. నేను వెళ్లి వచ్చాను. వెళ్లనివారి కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడైనా వెళ్లదలిస్తే మాత్రం బూట్లు వేసుకోకండి, కారణం ముందుముందు చెబుతాను.

మొదట నేనెవరో చెప్పాలి. మద్రాసులో ఒక పిల్లల మాసపత్రికలో పని చేస్తాను. అందులో ఉన్నిబాబు అనే గొర్రెపిల్ల బొమ్మల కథ నెలనెలా వస్తుంది. తెల్లగా, బొద్దుగా, రెండు చెవులూ నిక్కబొడుచుకుని, మెడలో పలక వేసుకుని ఉంటాడు. పిల్లలకు వాడంటే ప్రాణం. ఒకసారి పలకలు చేసే ఆసామి ఒకాయన వచ్చి, ఆ బొమ్మ మా పలకల మీద వేసుకోనిస్తారా అని అడిగాడు. మా ప్రొప్రయిటరుగారు ఆలోచించి, మూల స్టూలు మీద కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటున్న నన్ను లేపి, కిటికీ దగ్గర బల్లా కుర్చీ వేయించి, ఇక మీదట ఇలాంటివాళ్లతో నువ్వు మాట్లాడు అన్నారు.

అలా నాలుగేళ్లు మాట్లాడాను. పలకలు, బలపాల పెట్టెలు, పిప్పరమెంటు డబ్బాలు, చంటిపిల్లల పౌడరు, అన్నింటి మీదకీ ఉన్నిబాబును పంపించాను. బెజవాడ నుంచి తిరునల్వేలి దాకా తిరిగాను. పేరు కింద ‘మేనేజరు’ అని అచ్చువేసిన కార్డులు చేయించుకున్నాను, అవి ఎవరూ అడక్కుండానే ఇస్తూ ఉంటాను. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఒక్కటే, కాగితం మీద లేని మాట అసలు మాటే కాదు.

అయితే కిందటేడు నుంచి కొత్తగా అడిగేవాళ్లు లేరు. అలాంటి సమయంలో నారాయణఖేడు నుంచి శంకరయ్య శేట్ అనే గొంగళ్ల వ్యాపారి ఉత్తరం రాశాడు. చిన్నపిల్లల గొంగళ్ల మీద ఉన్నిబాబును కుట్టించి వాళ్ల పట్నంలో అమ్ముతాడట. ఆ తాలూకాలో ఇంకెవరూ కుట్టకూడదని మనం రాసివ్వాలట. దారిలో బోరంచలో మల్లవ్వ అనే ఆమె ఇంట్లో పనితనం చూసుకుని రమ్మన్నాడు. ప్రొప్రయిటరుగారు ఉత్తరం నా చేతికిచ్చి, “ఇది కుదిరితే నీ బల్ల ఉంటుంది. లేకపోతే ప్రూఫుల గదిలో నీ పాత స్టూలు ఖాళీగానే ఉందిలే” అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గాని నాకు నవ్వు రాలేదు.

జహీరాబాదు

రైలు జహీరాబాదు దాకానే. మన రూపాయి ఇస్తే అక్కడి నాణెం హాలీ సిక్కాలో రూపాయీ రెండణాల పైచిలుకు చేతిలో పెట్టారు. ఊరికే ధనవంతుణ్ణయ్యానన్న సంతోషంతో స్టేషను పక్కన పూటకూళ్ల ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. పళ్లెం వెడల్పున జొన్నరొట్టెలు, కందిపప్పు, పచ్చి ఉల్లిగడ్డ, కళ్లలో నీళ్లు తెప్పించే కారం పెట్టారు. అన్నం లేదా అని అడిగాను.

“బువ్వ పండుగకు తింటరు. రొట్టె తిను, కడుపుల నిలుస్తది” అంది వడ్డించే ఆమె.

గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి, రోజుకు మూడుసార్లు అన్నం తిన్నవాణ్ణి. నాకది శాపంలా వినిపించింది. కాని నిజంగానే సాయంత్రం దాకా ఆకలి వేయలేదు. మొత్తం భోజనం ఒక అణా.

ఇంకొక సంగతి. మా వైపు టపా బంట్రోతుకు కూడా ‘గారు’ తగిలిస్తాం. ఇక్కడ హమాలీ, పూటకూళ్లామె, టిక్కెట్టు కలెక్టరు, అందరూ ‘నువ్వే’. మొదటిరోజు నేను మొహం ముడుచుకున్నాను. కార్డులిచ్చాను. దాంతో పళ్లు కుట్టుకున్నారే గాని పిలుపు మారలేదు.

కచ్చరం బండి తోలే ఖాసిం దొరికాడు. నలభై ఏళ్లుంటాయి, ఎడ్లతో ఉర్దూలో, నాతో తెలుగులో మాట్లాడేవాడు. నా పెట్టె ఎత్తుతూ, “ఏముంది సాబ్ గిండ్ల, గింత బరువున్నది?” అన్నాడు.

“బొమ్మలు.”

“బొమ్మలమ్ముతవా?”

“అమ్మను. వేసుకోనిస్తాను.”

ఖాసిం పెట్టెను బండిలోకి తోశాడు. “అంటే బొమ్మ నీ దగ్గర్నే ఉంటది, పైసలు గూడ నీకే వస్తయ్.”

“అంతే.”

“మంచి నౌకరి సాబ్. జర పైలంగ చూస్కో” అని ఎడ్లను అదిలించాడు. నాలుగేళ్లలో నా ఉద్యోగాన్ని అంత తేలిగ్గా అర్థం చేసుకున్నవాడు మరొకడు లేడు.

మంజీర

రెండోరోజు మంజీర దాటాం. నీళ్లు మోకాలి లోతే గాని అడుగున మెత్తటి ఇసుక. బండి బరువు తగ్గాలి, దిగి నడవమన్నాడు ఖాసిం. బూట్లు విప్పి బండి అంచున పెట్టి, పంచె ఎగగట్టి దిగాను. నది నడుమ ఒక ఎద్దు ఎందుకో మొరాయించి బండిని కుదిపింది, కుడికాలి బూటు నీళ్లలో పడింది. అది పడవలాగా తేలుతూ పోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. ఎదురుగా వస్తున్న రైతు ఒకతను కన్నడంలో ఏదో అని కడుపు పట్టుకుని నవ్వాడు. అతనేమన్నాడో ఖాసిం చెప్పలేదు.

“ఒక్కటి ఉంచుకొని ఏం జేస్తవ్ సాబ్? గదిగూడ గంగమ్మకిచ్చెయ్” అన్నాడు.

ఇచ్చేశాను. మేనేజరుగారు ఆ విధంగా వట్టికాళ్లతో బోరంచ చేరారు.

బోరంచ

బోరంచలో నల్లపోచమ్మ గుడి పేరున్నది. జాతరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలివస్తాయట. గొర్రెలు పెంచి గొంగళ్లు నేసే కురుమల ఇళ్లు ఊరి చివర ఉన్నాయి. మల్లవ్వ ఇల్లు కనుక్కోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, తడి ఉన్ని వాసన, గొంగడికి పెట్టే చింతగింజల గంజి వాసన మనల్ని తీసుకుపోతాయి. పంచలో గుంటమగ్గం. అందులో కాళ్లు పెట్టుకుని ఆమె భర్త బీరయ్య నేస్తున్నాడు. మల్లవ్వకు అరవై దాటి ఉంటాయి. నా వట్టికాళ్ల వంక చూసి, “మదరాసుల చెప్పులు దొరకవా బిడ్డా?” అంది జాలిగా.

నేను ఉన్నిబాబు రంగుల బొమ్మ తీసి దర్జాగా పరిచాను. బీరయ్య మగ్గంలోంచే మెడ చాచి చూశాడు.

“గిది గొర్రె గాదు” అన్నాడు.

“మరేమిటి?”

“కుక్కపిల్లకు దూది అతికించిన్రు.”

మా చిత్రకారుడు కలకత్తా వెళ్లి నేర్చుకుని వచ్చినవాడు. ఆయన తరఫున నాకు రోషం వచ్చింది. మల్లవ్వ మొగుణ్ణి కసిరి, నన్ను ఊరడించింది. “గట్ల గాదు కొడుకా. గొర్రెకు చెవులు గిట్ల నిలవడ్డయంటే అది బెదిరినట్టు. పిల్లలు కప్పుకొని పండుకునే దాని మీద బెదిరిన గొర్రె ఎందుకు?”

లోపలికి వెళ్లి చిన్న గొంగడి తెచ్చి నా ముందు పరిచింది. నల్లటి గొంగడి మూల తెల్ల ఉన్ని దారంతో కుట్టిన గొర్రెపిల్ల. కాళ్లు ముడుచుకుని, చెవులు రెండు పక్కలా వేలాడేసి, గడ్డం నేలకానించి నిద్రపోతోంది. మెడలో పలక మాత్రం అలాగే ఉంది. శేట్ చూపించిన బొమ్మను చూసి కుట్టిందట, వాడు ఉన్నిబాబే. నాలుగేళ్లుగా వాణ్ణి ఊరూరా తిప్పుతున్నాను గాని ఎత్తుకోవాలనిపించింది ఆ రోజే.

“శేట్‌ను అడిగిన” అంది మల్లవ్వ. “బొమ్మ నాది గాదు, మదరాసోళ్లదన్నడు. ఇగ నువ్వే వచ్చినవ్. గీ గొర్రెపిల్లను మేం కుట్టుకుంటం, జాతరల మేమే అమ్ముకుంటం. ఇస్తవా?”

“ఓ, అలాగే అవ్వా, దానికేముంది” అన్నాను.

ఎందుకన్నానంటే, ఏమో. ఆ కుట్టు ముచ్చటగా ఉంది. పెద్దావిడ అడిగింది. పైగా కాగితం లేదు కదా, మాటకేం, గాలిలో పోతుందనుకున్నాను. మా వైపు పెళ్లిళ్లలో ‘మా ఇంటికి తప్పక రండి’ అంటామే, అలాగ.

మల్లవ్వ సంబరంగా కొత్త గొంగడి పరిచి దాని మీద కూర్చోమంది. మోదుగాకు దొప్పలో గొర్రెపాల జున్ను, పైన బెల్లం పెట్టింది. అంత చిక్కటి జున్ను నేనెప్పుడూ తినలేదు, సిగ్గు విడిచి మూడు దొప్పలు తిన్నాను. తర్వాత పళ్లెంలో తడిపిన జాజు తెచ్చి, కుడిచెయ్యి అద్దమంది. జాజు అంటే ఎర్రమన్ను, గొర్రెల వీపున గుర్తు పెట్టేది అదే. వచ్చినవారి చేతికి మా వైపు గంధం రాస్తాం, ఇక్కడ ఇది కాబోలనుకుని అద్దాను. నిద్రపోతున్న ఉన్నిబాబు వెనకవైపు, గొంగడికి లోపలి పక్క, నా అరచెయ్యి ముద్ర వేయించింది. బీరయ్య మగ్గం ఆపి చూశాడు. పక్కిళ్లవాళ్లు కూడా వచ్చి చూశారు. ఎంత మర్యాద తెలిసిన మనుషులో అనుకున్నాను.

బయల్దేరేటప్పుడు చెయ్యి కడుక్కుంటానని నీళ్లడిగితే, “ఈడ వద్దు, బాట మీద కడుక్కో” అంది. నీళ్లకు కరువేమోననుకున్నాను.

నారాయణఖేడు

నారాయణఖేడు చేరేసరికి అంగడి జరుగుతోంది. కందులు, జొన్నలు, ఉన్ని మూటలు, ఎండుమిరపకాయలు. ఉర్దూ, తెలుగు, కన్నడం ఒకే బేరంలో వినిపిస్తాయి. ఒకడు ధర ఉర్దూలో చెప్పి తెలుగులో ఒట్టేసుకోవడం చూశాను. శంకరయ్య శేట్ నాకోసం ఎదురు చూస్తున్నాడు. యాభై ఏళ్లవాడు, సన్నగా, మెత్తగా మాట్లాడతాడు. మొదట కిర్రుకిర్రుమనే కొత్త చెప్పులు తెప్పించి తొడిగించాడు, తర్వాత అన్నం పెట్టించాడు. నాకు దేవుడిలా కనిపించాడు.

దుకాణంలో స్టాంపు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. అంతా చదువుకున్నాను, నా షరతులకు ఒప్పుకున్నాడు. కలం తీసుకున్నాను. కాగితం మీద వంగేసరికి శేట్ నా చేతివంక చూశాడు. దారిలో కడుక్కున్నా గోళ్ల సందున ఎర్రటి మన్ను మిగిలే ఉంది.

“చేతికి గదేంది మేనేజర్ సాబ్?”

నేను బోరంచ మర్యాదల గురించి గొప్పగా వర్ణించాను. గొంగడి, జున్ను, జాజు. వింటున్నకొద్దీ శేట్ మొహం మారిపోయింది. నా చేతిలోంచి కలం మెల్లగా తీసుకుని పక్కన పెట్టాడు.

“మల్లవ్వకు ఇచ్చేసి మళ్ల నాకు ఇస్తున్నరా?” అన్నాడు.

అప్పుడు తెలిసింది. కురుమల్లో ఒక ఇంటి మంద గుర్తు ఇంకో ఇంటికి కావాలంటే నోటితో అడుగుతారు. ఇచ్చేవాడు గొంగడి మీద కూర్చుని, ఆ ఇంటి జున్ను తిని, జాజులో చెయ్యి అద్దితే ఇచ్చినట్టు. ఇక ఆ గుర్తు ఆ ఇంటిది. పిల్లనిచ్చినట్టే, మళ్లీ మరో ఇంటికి ఇవ్వడం ఉండదు.

గుమ్మంలో కూర్చున్న ఖాసిం వంక తిరిగి, “నాకెందుకు చెప్పలేదయ్యా?” అన్నాను.

“నీకు ఎరుకనే అనుకున్న సాబ్. ఇచ్చుడే నీ నౌకరి అంటివి గద” అన్నాడు.

నేను చట్టం మాట్లాడాను. ఆ ముద్ర ఏ కచ్చేరీలోనూ చెల్లదన్నాను. శేట్ ఓపిగ్గా విన్నాడు. “గీ కాగితం కచ్చేరిల నడుస్తది. నా దుకాణం కచ్చేరిల లేదు సాబ్. కురుమ ఇండ్ల ఉన్ని అంత నాకే వస్తది. మల్లవ్వకిచ్చిన దాని మీద నేను కూసుంటే రేపటికెల్లి ఒక్క మూట గూడ రాదు. రావద్దు గూడ.”

“మరి దారి?”

“ఉన్నది. కడుక్కొని రాండ్రి. ఆ ఇంటి ఆడామె పోసిన నీళ్లతోని, ఆ వాకిట్లనే కడుక్కుంటే తిరిగి తీసుకున్నట్టు. తెల్వక చేసిన్రు, ఎవరేమనరు. మల్లవ్వ మంచిది, అడిగితే పోస్తది. మీరచ్చిందాక కాగితం గిట్లనే ఉంటది.”

రాత్రంతా నా కిటికీ బల్ల, స్టూలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తూనే ఉన్నాయి.

మళ్లీ బోరంచ

దారి పొడుగునా ఉపన్యాసం తయారు చేసుకున్నాను. కంపెనీ నిబంధనలు, పైవాళ్ల ఆజ్ఞ, నా అధికార పరిమితులు. మల్లవ్వ వాకిట్లో ఇద్దరు కోడళ్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని గొర్రె చెవి ఎలా కుట్టాలో నేర్పుతోంది. అప్పటికే ఇంకో రెండు గొర్రెపిల్లలు తయారై ఉన్నాయి. ఒకదానికి మూతి వంకర. నన్ను చూసి, “మళ్ల వచ్చినవా కొడుకా! జున్ను కోసమేనా?” అని నవ్వింది.

ఉపన్యాసం మర్చిపోయాను. “అవ్వా, నేను తెలియక అద్దాను. శేట్‌కు రాసివ్వాల్సింది. ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుంది” అన్నాను. అంతకంటే చిన్నతనం నేను జీవితంలో పడలేదు.

కోడళ్లు సూదులాపారు. మగ్గం కూడా ఆగింది. మల్లవ్వ నా మొహంలోకి చూసింది. కోపం వస్తుందనుకున్నాను, వస్తే బాగుండుననుకున్నాను కూడా.

“నీకు పిల్లలెందరు?” అంది.

“ముగ్గురు.”

“మరి ముందుగాల్నే చెప్పొద్దా? నీ కడుపు మీద కొట్టి మాకెందుకు గొర్రెపిల్ల?” అని లేచి లోపలికి వెళ్లింది. రాగి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. పొయ్యడానికి ముందు కూర్చుని, నా ముద్ర ఉన్న ఆ మొదటి గొంగడి ఒళ్లోకి లాక్కుని, సూదిమొనతో ఉన్నిబాబు చెవి కుట్టు విప్పడం మొదలుపెట్టింది. “నువ్వు తీసుకున్నంక ఇది మా ఇంట్ల ఉండొద్దు” అంది మామూలుగా. ఒక చెవి ఊడి వచ్చింది. బీరయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పలకల ఆసామి, పిప్పరమెంటు ఆసామి, పౌడరు ఆసామి, అందరికీ సంతకాలు పెట్టి ఇచ్చాను. ఎవరూ నా బొమ్మ చెవుల గురించి ఒక్కమాట అడగలేదు. అది బెదిరి ఉందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

చెంబెత్తి, చేతి మీద పోయాల్సిన ఆ నీళ్లు గటగటా తాగేశాను.

మల్లవ్వ సూది ఆపింది. “దూపకు తాగినవా, కావాలని తాగినవా? సాఫ్ చెప్పు.”

“కావాలనే తాగిన అవ్వా” అన్నాను, నాకు తెలియకుండానే ఆవిడ మాటలో.

“నీ నౌకరి?”

“చూద్దాం.”

ఆవిడ నవ్వలేదు, దండం పెట్టలేదు. “ఇగ మంచిగ కూసో, రొట్టె తిని పో” అని, ఊడదీసిన చెవికి మళ్లీ దారం ఎక్కించింది. మగ్గం కదిలిన చప్పుడు వినపడింది.

మద్రాసు

ప్రొప్రయిటరుగారు అంతా విన్నారు. కేకలేస్తే ఎదురు చెప్పేవాణ్ణి. ఆయన వేయలేదు. “నలుగురిలో మన బొమ్మ పాడైపోదా?” అని మాత్రం అడిగారు. చెవులు బాగుపడ్డాయండీ అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ఆ కిటికీ బల్ల లెక్కల గుమాస్తాకు ఇవ్వమని చెప్పారు. ఇప్పుడు మూల స్టూలు మీద కూర్చుని ప్రూఫులు దిద్దుతున్నాను. మిగిలిపోయిన కార్డుల వెనక తప్పొప్పుల పట్టికలు రాసుకుంటున్నాను. బాధ లేదంటే అబద్ధం. కిటికీ గాలి బాగా వచ్చేది.

మీరెవరైనా ఆ వైపు వెళితే జొన్నరొట్టె తినండి, ఖాసిం బండి ఎక్కండి, మంజీరలో జాగ్రత్త. బోరంచలో మల్లవ్వ జున్ను పెడితే మొహమాటపడకండి. జాజు పళ్లెం తెస్తే మాత్రం ఏం ఇస్తున్నారో తెలుసుకుని అద్దండి. నేను తెలియక అద్దాను. తెలిసే కడుక్కోలేదు.